చెల్లెలి కొడవలి, నా తోట బూజు

మల్బరీ తోట కొట్టినప్పుడు కింద పడే కొమ్మలను చాలామంది గట్టు మీద గుట్టగా వేసి వదిలేస్తారు. నేను వదిలేదాన్ని కాదు. లావు కొమ్మలు నీళ్ళ పొయ్యిలోకి. మధ్యరకంవి టమాటా మొక్కలకు ఊతకర్రలు. సన్నవి పురుగుల షెడ్డు చుట్టూ దడి. పుల్ల కూడా బయట పడేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు కట్టెల కోసం గుట్టకు పోయి వస్తుంటే, నేను వాకిట్లో కూర్చుని నీళ్ళు కాచుకునేదాన్ని. మీకు తెలివి లేదని వాళ్ళ ముఖం మీదే అనేదాన్ని. ఇప్పుడు అనను.

మాది హిందూపురం దగ్గర చిన్న పల్లె. ఎకరన్నర మల్బరీ, ఒక షెడ్డు. పట్టుపురుగులు మేపి, అవి కట్టిన గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు వేస్తాము. నేను చదివింది మూడో తరగతి. మా అమ్మ పోయినప్పుడు నాకు పదమూడేళ్ళు, చెల్లెలికి ఆరు. బడి మానేసి పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆమెకు తలదువ్వింది నేను, బడికి పంపింది నేను, పెనుకొండ కొండ కింద పల్లెకు ఇచ్చి పెళ్ళి చేసిందీ నేనే. అందుకని ఆమెకు పుట్టిల్లు అంటే నా ఇల్లే. ఈ మాట నేను ఆమెకు చాలాసార్లు గుర్తు చేశాను. అవసరం లేనప్పుడు కూడా చేశాను.

నా కొడుకు పెళ్ళికి చీర తీసుకోవడానికి నేనూ ఆమే కలిసి ధర్మవరం పోయిన రోజు నుంచి చెప్పాలి. పన్నెండు పదమూడేళ్ళు అయి ఉంటుంది. దుకాణంలో కాదు, మగ్గం ఉన్న ఇంట్లోనే కొనాలని నా పట్టు. మగ్గం ఆయన మాతో బాగా విసిగిపోయాడు.

"ఇది మా గూళ్ళ దారమే కదప్పా. మాకే ఇంత చెప్తే ఎట్లా" అన్నాను.

"అమ్మా, గూడు పురుగు పని. చీర నా పని. పురుగుతో మాట్లాడినట్టు నాతో మాట్లాడద్దు" అన్నాడు ఆయన.

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎప్పుడూ అంతే, నన్ను ఎవరైనా ఒక మాట అంటే ఆమెకు సంతోషం. చివరికి చీర కొన్నాము, బస్సెక్కాము. ఊరు దాటేటప్పుడు రైలు గేటు పడింది. బస్సు ఆగింది. ఎడమ పక్క మల్బరీ తోట. అంత వెడల్పు ఆకు నేను అంతవరకు చూడలేదు, ఒక్కో ఆకు పళ్ళెమంత ఉంది. కూలివాళ్ళు కొమ్మలు కొట్టి రోడ్డు పక్కకు విసిరేస్తున్నారు. పచ్చి కొమ్మలు. నాటితే మొలిచే కొమ్మలు.

నేను బస్సు దిగాను. చెల్లెలు వెనకే దిగింది.

"ఎందుకు పారేస్తాండారో అడుగుదాం ఉండక్కా" అంది.

"అడిగితే దుడ్లు అడుగుతారు. నోరు మూసుకోని పట్టు."

"చివర్లు నల్లగా ఉండాయి చూడు. ఈ కట్టంతా అట్లే ఉండాది."

"నల్లగుండేది కొట్టేస్తే సరిపాయ. చెట్టంటే మచ్చ ఉండదా? నీ మొహం మీద లేదా?"

ఆమె చేతులు చాచింది, నేను ఎత్తిపెట్టాను. రైలు పోయి గేటు లేచేసరికి రెండు మోపులు అయ్యాయి. కండక్టరు తలకొట్టుకున్నాడు.

"ఏమ్మా, పెండ్లి చీరకొచ్చి కట్టెల మోపు తీసుకపోతాండావు? కట్టెకు టికెట్టు కొట్టల్లనా?"

బస్సంతా నవ్వింది. నాకు సిగ్గు అనిపించలేదు. ఊరికే వచ్చిన దానికి సిగ్గెందుకు.

ఇంటికొచ్చి నల్లబడిన చివరలన్నీ జానెడు మేర నరికేశాను. మిగిలిన కొమ్మ లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. ముక్కలు చేసి అరెకరంలో నాటాను. చూడముచ్చటగా మొలిచాయి. రెండేళ్ళలో నా పాత చెట్లన్నీ తీసేసి తోటంతా ఆ ఆకే చేశాను. మార్కెట్టులో నా గూళ్ళు చేతిలోకి తీసుకుని గట్టితనం చూసేవాళ్ళు, ఏ ఆకు వేస్తున్నావని అడిగేవాళ్ళు. ధర్మవరం ఆకు అని చెప్పేదాన్ని. ఎట్లా వచ్చిందో చెప్పేదాన్ని కాదు.

ధర్మవరం పోయొచ్చిన నాలుగేళ్ళకు చెల్లెలి ఇంట్లో బోరు వేశారు. వాళ్ళదీ మల్బరీ వేద్దామనే ఆలోచన. మా ఇళ్ళలో ఆడపిల్ల కొత్తగా తోట పెడితే మొదటి సాలు, అంటే మొదటి వరస, పుట్టింటి కొమ్మతో నాటుతుంది. మిగతాది ఎక్కడ కొన్నా సరే. కొమ్మను ఊరికే చేతిలో పెట్టరు, పసుపు గుడ్డలో చుట్టి ఒడిలో పెడతారు. దాన్ని వద్దనడం, పారేయడం ఉండదు. నేను మొదటి సాలుకు మాత్రమే కాదు, తోటంతటికీ ఇచ్చాను. ఇంట్లో ఉండగా కొనడం ఎందుకని. గట్టు పక్క సాలులోనే కొట్టి కట్టాను, లోపలికి పోయే ఓపిక లేక. ఆమె ఒక కొమ్మ తీసి వెలుతురుకు పెట్టి తిప్పి చూసింది.

"ఏం చూస్తాండావు మే?" అన్నాను.

"ఏం ల్యాదక్కా" అంది. మోపు తలకెత్తుకుంది.

ఆమె భూమి గరుసు నేల. బోరు నీళ్ళు ఎండాకాలం చాలీచాలకుండా వచ్చేవి. మూడో ఏడు ఆమె తోటలో రోగం కనిపించింది. కొమ్మ కొట్టిన చోట నుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ దిగేది. చిగురు పట్టేది కాదు. బెరడు మీద చిన్న చిన్న నల్ల పొక్కులు, ఆవాలు తోలు కింద నుంచి పొడుచుకొచ్చినట్టు. బెరడు గీకితే లోపల కాఫీ రంగు. కొన్ని చెట్లు మొదలు దాకా పోయాయి. నేను పోయి చూసి, నీళ్ళు సరిగా పెట్టలేదని తిట్టి వచ్చాను.

అప్పటికి నా తోట బాగానే ఉంది. ఇంకో రెండేళ్ళకు మాకూ వానలు లేవు. నా బోరు కూడా గంటకు ఒకసారి గాలి కక్కేది. ఆ వేసవిలో గట్టు పక్క సాలులో నాలుగు చెట్ల కొమ్మలు పైనుంచి నల్లబడ్డాయి. అదే నలుపు, అవే ఆవాలు.

తోట కొట్టే పనికి మేము ఒకరికొకరం పోయేవాళ్ళం. నా తోటకు ఆమె, ఆమె తోటకు నేను, కూలి ఇచ్చిపుచ్చుకోవడం లేదు. ఆమె తన కొడవలి తానే తెచ్చుకునేది. బరువుగా, మంచి ఇనుముతో చేసిన కొడవలి. వాళ్ళ మామ పెనుకొండలో చేయించింది. ఆ ఏడు కూడా పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. ఊళ్ళోవాళ్ళు ఆరుగురు కూలికి వచ్చారు. అందరూ సాళ్ళలోకి దిగారు. నేను గట్టు పక్క ఎండిన చెట్లను చూస్తూ నిలబడ్డాను. నా ఆకు, నా పేరు, నా గూళ్ళు. ఎవరిదో ఒకరిది తప్పు కావాలి అనిపించింది. ఆమె తోటలో ముందు వచ్చింది, తర్వాత నా తోటలో వచ్చింది. మధ్యలో తిరిగింది ఆమె కొడవలి. ఇంత తేలికైన లెక్క మూడో తరగతి చదివినదానికి కూడా వస్తుంది.

నేను సాలులోకి పోయి ఆమె చేతిలో కొడవలి లాక్కున్నాను.

"నీ తోట చావు నా తోటకు తెచ్చినావు. ఈ కొడవలితో ఇంగ ఒక్క చెట్టు తాకద్దు."

కూలివాళ్ళు పని ఆపి చూశారు. పని చేస్తున్న మనిషి చేతిలో పనిముట్టు లాక్కోవడం మా దగ్గర మాటతో కొట్టడం కంటే పెద్దది. చెల్లెలు నన్ను చూసింది, వాళ్ళను చూసింది. చీర చెంగు దులుపుకుంది, చెప్పులు వేసుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది. అన్నం కూడా తినలేదు. కొడవలి నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఆరుగురు వేరే తోటలకూ, పెనుకొండ పక్కకూ పనికి పోయేవాళ్ళే. మాట వాళ్ళతో పాటు పోయింది. పెనుకొండ పక్క ఆమె తోటలో రోగం ఉందని, ఆమె అడుగుపెడితే అంటుకుంటుందని. పక్క రైతులు ఆమె మిగులు ఆకు కొనడం మానేశారు. తోట కొట్టడానికి కూలికి గానీ బదులు పనికి గానీ మనుషులు రాలేదు. ఆమె, మొగుడు ఇద్దరే ఎంతని కొడతారు. ఒక ఏడాది నెట్టుకొచ్చి, తర్వాత జేసీబీ పెట్టి తోట పీకించేశారని తెలిసింది. ఆమె పెనుకొండ దగ్గర కార్ల కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు తోమే పనికి పోతోందని కూడా తెలిసింది. నాకు చెప్పింది ఆమె కాదు, మార్కెట్టులో ఎవరో చెప్పారు. పోనీలే, నీడపట్టున పని అన్నాను.

నాలుగేళ్ళు మాటలు లేవు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. ఆ కొడవలిని నేను షెడ్డు చూరులో పెట్టాను. రెండు నెలలు అట్లాగే ఉంది. తర్వాత నాది పిడి విరిగితే దాన్ని తీశాను. పదునైనది, చేతిలో బాగా కుదిరింది. నాలుగేళ్ళూ నా తోటంతా దానితోనే కొట్టాను. ఒక్కసారి కూడా కడగలేదు, కాల్చలేదు. రోగం దానితోనే వచ్చిందని నిజంగా నమ్మిన మనిషి ఆ పని చేయదు. మరి నేనెట్లా చేస్తున్నానని నాలుగేళ్ళలో నన్ను నేను ఒక్కనాడు కూడా అడగలేదు.

ఈలోగా నా తోటలో మచ్చ మెల్లగా లోపలి సాళ్ళకు దిగింది. చచ్చిన చెట్లను కొట్టి, అలవాటు ప్రకారం దడి కట్టాను. వాన పడితే ఆ దడి పుల్లల మీద ఆవాలు ఉబ్బి నల్లగా కారేవి. చూశాను. తడిసిన కట్టె అంతే కదా అనుకున్నాను.

అప్పుడు ఒక పిల్ల వచ్చింది. ముదిగుబ్బ పక్క పల్లె పిల్లే, యూనివర్సిటీలో పెద్ద చదువు చదువుతోంది. మల్బరీ చెట్లకు వచ్చే ఈ ఎండు రోగం మీదే ఆమె పరిశోధనట. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తోటల్లో బెరడు ముక్కలు తీసుకుపోతోంది. పట్టు పరిశ్రమ ఆఫీసు వాళ్ళు పంపి ఉంటారని నేను పెద్దగా అడగలేదు.

ఆమె చేసే పని మాత్రం దగ్గర నిలబడి చూశాను. చిన్న కత్తితో మచ్చ అంచున, సగం నలుపు సగం పచ్చ ఉన్న చోట గోరంత ముక్క కోసేది. కాగితం కవరులో వేసి, ఏ సాలు, ఎన్నో చెట్టు అని రాసేది. తర్వాత దూదిని స్పిరిట్టులో ముంచి కత్తి తుడిచి, లైటరుతో కాల్చి, అప్పుడు ఇంకో చెట్టు దగ్గరికి పోయేది. ప్రతి చెట్టుకూ అంతే.

"ఏం పాపా, స్పిరిట్టు నీళ్ళ మాదిరి పోస్తాండావు? నాలుగు చెట్లకొకసారి తుడిస్తే చాలదా?" అన్నాను.

"చాలదవ్వా. ఈ చెట్టులో బూజు ఆ చెట్టుకు అంటిందంటే ఏది యాడిదో నాకు తెల్దు. నా పనంతా బూడిదైపోతాది."

"కత్తికి అంతగా అంటుతాదా?"

"కత్తికీ అంటుతాది, కొడవలికీ అంటుతాది. మీరు దేంతో కొడతారు?"

నేను కొడవలి చూపించలేదు. ఆమె దడిని చూసింది. దగ్గరికి పోయి పుల్లను వేలితో రుద్ది, వేలు నాకు చూపింది. వేలు మసి అంటినట్టు నల్లగా ఉంది.

"అవ్వా, ఇది కాదు ఉంచుకోవల్సింది. దీంట్లో నుంచే బూజు వాన చుక్కలకు ఎగిరి చెట్ల మీద పడుతుంది. చచ్చిన కొమ్మను తోటలోనే కాల్చేయల్ల, ఇంటికి కూడా మొయ్యద్దు."

"కట్టెను తోటలో ఊరికే కాలుస్తారా ఎవురన్నా?" అన్నాను. ఆమె నవ్వింది. పోయేటప్పుడు కాఫీ ఇస్తే తాగింది, ఫలితం వచ్చాక తప్పకుండా వచ్చి చెప్తానంది. ఎవరూ రారు, చదువుకున్నవాళ్ళు అట్లాగే అంటారు అనుకున్నాను.

కానీ ఏడెనిమిది నెలలకు వచ్చింది. షెడ్డులో పురుగులు పొర విడిచే నాలుగో నిద్ర లేచి ఆకు తినే రోజులు. వాన పడుతున్నట్టు చప్పుడు. ఆకు వేస్తూనే ఉన్నాను. ఆమె నా పక్కన పీట మీద కూర్చుని ఫోను చూపించింది. గుండ్రటి గాజు మూతలు, ఒక్కో మూతలో బూడిద రంగు దూది.

"మీ చెట్లలో ఉండేది ఇదేనవ్వా. బూజు. బెరడు ముక్కను మేత మీద పెడితే ఇట్లా పెరిగింది. మొదట తెల్లగా ఉంటాది, వారానికి నల్లబడుతుంది."

"అన్నీ ఒకటే మాదిరి ఉండాయే."

"కంటికి అంతే. యాడి నుంచి తెచ్చినా ఒకటే దూది. అందుకే లోపల చూసినాము. మనిషికి రక్తం తీసి ఎవురి బిడ్డ ఎవురో చెప్తారే, అట్లా."

ఇంకో బొమ్మ పెట్టింది. నల్లటి పలక మీద తెల్లటి అడ్డగీతలు, పక్కపక్కన నిచ్చెనలు నిలబెట్టినట్టు. ఒక్కో నిచ్చెన ఒక్కో చెట్టు బూజుదట. మెట్లు ఒకే చోట ఉంటే రెండూ ఒకే ఇంటివి. మెట్లు తేడాగా ఉంటే వేరే వేరేవి. నాకు ఇంగ్లీషు రాదు కానీ, గీత పక్కన గీత సరిపోయిందా లేదా చూడటానికి చదువు అక్కర్లేదు.

"ఇవి ధర్మవరం తోటలవి. చూడు, ఒక దాంతో ఒకటి కలవవు. నానా రకాలు. ఊరి బయట రైలు గేటు పక్క తోటలోనే అయిదు రకాలు దొరికినాయి. అంటే ఆడ అది శానా కాలం నుంచి ఉండాది. ఉండగా ఉండగా పిల్లలు పిల్లలై మారిపోయినాది."

నా చేతిలో ఆకు ఆగింది. రైలు గేటు.

"ఇవి మీవి. ఈడ నాలుగు రకాలు. మూడు ఆ గేటు తోటవే, అచ్చం అవే మెట్లు. ఒకటి మాత్రం కొత్తది. మీ తోటలో కూడా చాలా ఏళ్ళ నుంచే ఉండాది అవ్వా. నీళ్ళు బాగున్నన్నాళ్ళూ కొమ్మ లోపల చప్పుడు చేయకుండా ఉంటాది. చెట్టు నీళ్ళకు అల్లాడిన ఏడు బయటికి వస్తాది."

"మా తోటలో రోగం మొన్న మొన్ననే కదా వచ్చింది" అన్నాను.

"కనపడింది మొన్న. ఉండేది అంతకు ముందు నుంచే." ఆమె వేలితో తెర జరిపింది. "ఇవి పెనుకొండ కింద ఒకామె తోటవి. తోట పీకేసినారు, గట్టు మీద నీడకని విడిచిపెట్టిన చెట్లు నాలుగు ఉండాయి. ఆరు చోట్ల కోసినా. ఆరూ ఒకటే. చూడు, ఒక్క మెట్టు తేడా లేదు. ఇది మీ గట్టు పక్క సాలులో తీసినదాంతో సరిపోతుంది."

ఆ రెండు నిచ్చెనలను నేను చాలాసేపు చూశాను. పురుగులు ఆకు కోసం తలలెత్తాయి. చివరికి అడిగాను.

"ఆమె తోటలోది నా తోటకు వచ్చుండదా? ఆమెకు ముందు కనపడింది."

"వచ్చుంటే మీకు ఆ ఒక్క రకమే ఉండల్ల గదవ్వా. మీ దగ్గర నాలుగు ఉండాయి, ఆమె దగ్గర మీ నాలుగులో ఒకటి మాత్రం ఉండాది. ఇంకా ఎక్కువ చెట్లు చూస్తే గానీ గట్టిగా రాయలేము. కానీ నన్నడిగితే, మీ గట్టు పక్క నుంచి ఒక కట్ట కొమ్మలు ఆడికి పోయింటాయి. ఆమె నేల గరుసు, నీళ్ళు తక్కువ. అందుకే ఆడ ముందు బయటపడింది."

ఒక కట్ట కొమ్మలు. పసుపు గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టినవి.

ఆ పిల్లకు మా సంగతి ఏమీ తెలియదు. ఆమె సంతోషంగా చెబుతోంది, తన పని ఫలించింది కాబట్టి. నేను మళ్ళీ ఆకు వేయడం మొదలుపెట్టి, ఆమె ముఖం చూడకుండా అడిగాను.

"పెనుకొండ ఆమె ఏమన్నా అనిందా పాపా?"

"ఏమీ అనలే. కంపెనీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, ఆ బట్టల్తోనే గట్టు మీదికి వచ్చి చెట్లు చూపించింది. హిందూపురం పక్క కూడా పోయి చూడమని మీ ఊరి పేరు చెప్పింది ఆమేనవ్వా. లేకుంటే మీ ఊరు నా లిస్టులో లేదు."

ఆ పంట గూళ్ళు కట్టేదాకా నేను ఎక్కడికీ పోలేదు. పురుగులను వదిలి పోవడానికి ఉండదు అని నాకు నేను చెప్పుకున్నాను. గూళ్ళు మార్కెట్టుకు వేసిన రోజే హిందూపురంలో నర్సరీకి పోయి, మందునీళ్ళలో ముంచిన మల్బరీ మొక్కలు ఒక పెట్టె కొన్నాను. బేరం ఆడలేదు. నా జీవితంలో కొమ్మకు డబ్బు పెట్టడం అదే మొదలు. ఇంటి దగ్గర కొడవలిని పాత చీర ముక్కలో చుట్టి సంచిలో పెట్టుకుని, మర్నాడు మధ్యాహ్నం పెనుకొండ బస్సెక్కాను.

నేను పోయేసరికి ఇంటికి తాళం, మరిది ఆస్పత్రికి పోయాడట. అరుగు మీద కూర్చున్నాను. గట్టు మీద ఆ నాలుగు చెట్లు అక్కడికి కనిపిస్తున్నాయి, సగం కొమ్మలు నల్లగా. తోట ఉన్న చోట కంపచెట్లు మొలిచాయి. నాలుగున్నరకు కంపెనీ బస్సు రోడ్డు మీద ఆగింది. చెల్లెలు దిగింది. నీలం కోటు, మెడలో కార్డు. వేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. నన్ను చూసి ఆగలేదు, తొందరపడలేదు కూడా.

"ఎప్పుడొచ్చినావక్కా?"

"ఇప్పుడే."

తాళం తీసింది, నీళ్ళిచ్చింది. స్టవ్వు మీద కాఫీ పెట్టింది. నేను చెప్పాలనుకున్న మాటలు బస్సులో వరసగా పేర్చుకుని వచ్చాను. ఒకటి మాత్రమే బయటికి వచ్చింది.

"నా తోట నుంచే వచ్చింది మే నీకు. నీ తోట నుంచి నాకు కాదు."

ఆమె కాఫీ వడకడుతోంది. వడకట్టడం ఆపలేదు.

"తెల్సు" అంది.

"ఆ పిల్లను నా తోటకు పంపింది నువ్వేనంట గదే."

"పంపినా. నేను చెప్తే నువ్వు ఇనవు. చదువుకున్న పిల్ల చెప్తేనన్నా ఇంటావేమోనని."

"నీకు ఎప్పటి నుంచి తెల్సు?"

"ధర్మవరంలో చెప్పినా గదక్కా. ఎందుకు పారేస్తాండారో అడుగుదామని."

"మరి కొమ్మ ఇచ్చిన పొద్దు ఎందుకు తీసుకుంటివి? ఎలుతురుకు పెట్టి చూస్తివే."

"చూస్తే? ఒడిలో పెట్టినాక పారేస్తారా? మొదటి సాలు వరకే అయ్యుంటే సరిపోయేది. నువ్వు తోటంతటికీ ఇస్తివి." కాఫీ లోటా నా ముందు పెట్టింది. "మొలిచినాయి, బాగనే ఉన్నాయి. నేనే తప్పు అనుకుంటినేమోనని నేనూ మర్చిపోయినా."

"కూలోళ్ళ ముందర నేనన్న పొద్దు ఈ మాట అనుండొచ్చు గదే."

చెల్లెలు తన వేళ్ళను చూసుకుంది.

"అనింటే ఏమయ్యుండేది? నా తోటకు రానట్టే నీ తోటకూ ఎవురూ వచ్చుండరు. ఇద్దరం మునిగేదానికంటే ఒకరు చాలనుకున్నా."

కాఫీ లోటా పక్కన పెట్టాను. తెచ్చిన మొక్కల పెట్టె ముందుకు జరిపాను.

"మంచివి. మందునీళ్ళల్లో ముంచినవి. దుడ్లిచ్చి కొన్నా."

ఆమె ముఖంలో నవ్వు ఒకటి కదిలింది. ధర్మవరంలో మగ్గం దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన మనిషే.

"నువ్వు కొన్నావా? కొమ్మను?" అంది. నవ్వు అంతలోనే పోయింది. "యాడ నాటల్ల అక్కా. బోరు పోయి రెండేండ్లాయ. మొగుడికి మోకాళ్ళు పనిచేయవు. నాకు పొద్దున ఆరింటికి బస్సు."

అప్పుడు సంచిలో నుంచి చీర ముక్క తీసి విప్పాను. కొడవలిని రెండు చేతులతో ఆమె ముందు పెట్టాను. ఆమె తీసుకుంది. పిడి పట్టుకుని బరువు చూసింది. బొటనవేలితో అంచు తడిమింది. వాళ్ళ మామ చేయించినప్పుడు రెండు వేళ్ళ వెడల్పు ఉన్న అంచు, నూరీ నూరీ ఒక వేలికి వచ్చింది. దాని మీద అప్పటి నలుపు కూడా ఉంది, మల్బరీ పాలు ఎండిన నలుపు.

"బాగా వాడినావక్కా" అంది.

కోపంగా అనలేదు. చూసింది చెప్పింది, అంతే. నాలుగేళ్ళు నన్ను నేను అడగని ప్రశ్న ఆమె ఒక్క వేలు పెట్టి అడిగేసింది. ఆమె కొడవలిని మళ్ళీ ఆ గుడ్డలోనే చుట్టి నా సంచిలో పెట్టింది.

"దీంతో నాకేం పని. క్యాంటీన్లో కొడవలి పని లేదు. అయిదున్నర బస్సుకు పో, తర్వాత దానికి కూర్చోను సీటు దొరకదు."

రోడ్డు దాకా వచ్చి నన్నూ మొక్కల పెట్టెనూ బస్సెక్కించింది. నీలం కోటు ఇంకా విప్పలేదు.

మరుసటి వారం నేను దడి పీకాను. ఊతకర్రలు పీకాను. పొయ్యి పక్క పేర్చి పెట్టుకున్న కట్టె అంతా తోటలోకే మోసి, అక్కడే కాల్చాను. ఊళ్ళో ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు.

"ఏమవ్వా, నువ్వేనా కట్టె ఊరికే కాలుస్తాండేది? చలి పెడతాండాదా?" అని ఒకామె.

ఎండిన సాళ్ళు తీసేసి నర్సరీ మొక్కలు ఇంకొన్ని కొని నాటాను. చెల్లెలి కోసం కొన్నవి కూడా నా తోటలోనే నాటాల్సి వచ్చింది.

ఈ ఏడు తోట కొట్టే రోజు అదే కూలివాళ్ళు వచ్చారు, ఆరుగురిలో నలుగురు. పనిలో దిగక ముందు వాళ్ళను ఆపి చెప్పాను. ఆ పొద్దు చెల్లెలిని నేనన్న మాట తప్పని, రోగం నా తోట నుంచే ఆమెకు పోయిందని, దాన్ని ధర్మవరం రోడ్డు పక్క నుంచి ఎత్తుకొచ్చింది నేనేనని. వాళ్ళ ముందే అన్నాను కాబట్టి వాళ్ళ ముందే చెప్పాలనుకున్నాను. నాకు ఇంత బరువైన మాట వాళ్ళ ముఖాల్లో ఎక్కడా తగల్లేదు.

"ఎప్పటి మాటవ్వా అది" అన్నాడు ఒకాయన, తువ్వాలు తలకు చుట్టుకుంటూ. "ఆయమ్మ తోటే లేదు గదా ఇప్పుడు. పొద్దెక్కుతాండాది, మొదలుపెడదామా?"

మొదలుపెట్టాము. కొత్త కొడవలి కొన్నాను. పాతది చీర ముక్కలోనే చూరులో ఉంది, దాన్ని విప్పలేదు. సాలు చివర బకెట్టులో మందునీళ్ళు పెట్టాను. ఒక చెట్టు కొట్టి, కొడవలి ముంచి, గుడ్డతో తుడిచి, అప్పుడు ఇంకో చెట్టుకు పోవాలని అందరికీ చెప్పాను. కూలివాళ్ళు ఇట్లయితే పని సాగదని గొణిగారు, నేను చూడనప్పుడు మానేశారు. నేను మానలేదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, ముంచి, తుడుస్తాను. అట్లా ఆగినప్పుడల్లా తలెత్తితే పక్క సాలు కనిపిస్తుంది. ఆమె ఎప్పుడూ ఆ సాలులోనే కొట్టేది, నాకంటే రెండు చెట్లు ముందు. అందులో ఈసారి ఎవరినీ పెట్టలేదు. నా సాలు అయ్యాక దాన్ని కూడా నేనే కొట్టాను. చీకటి పడేవేళ అయింది.